చుక్కను పిలిచింది నేనే

"ఉమకి గడియ పెట్టడం ఇప్పటికీ రాదొదినా. నాను లేకపోతే దాని తలుపులు నువ్వే చూసుకోవాల."

"అలాగేలే సరోజా. నాను చూసుకుంటాన్లే. ఇంక మాట్లాడకు, పడుకో."

ఇవే మీ అమ్మా నేనూ ఆఖరున అనుకున్న మాటలు. ఆసుపత్రి మంచం మీద ఉండి కూడా నవ్వుతూనే అంది. నిన్ను ఎగతాళి చేస్తున్నప్పుడు దానికి ఎక్కడలేని ఓపికా వచ్చేది. నేను దుప్పటి సర్ది, అలాగేలే అన్నాను. అది పడుకుంది. మళ్ళీ లేవలేదు.

రాయి ఉమా, ఆగకు. నువ్వు పెన్ను ఎత్తావంటే నా నోరు మూతపడిపోతుంది. నా సంగతి నాకు తెలుసు.

ఆ అలాగేలే అన్న మాట కింద ఇంకో మాట ఉంది. అది మీ అమ్మకి చెప్పాల్సిన మాట. మీ మావయ్యకి చెప్పాల్సిన మాట. అందరికంటే ముందు నీకు చెప్పాల్సిన మాట. చేపముల్లు గొంతులో దిగబడితే ఉత్తి అన్నం ముద్ద మింగుతాం, పోతుంది. ఇది ఎన్నేళ్ళు మింగినా పోలేదు. గొంతు ఇలా బొంగురుపోయిందేమిటని డాక్టరు అడిగినప్పుడల్లా ప్లాంటు దుమ్ము అని చెప్పుకొచ్చాను. దుమ్మే కావచ్చు. నాకేం తెలుసు?

పెద్ద మాట ముందే అనేస్తాను. తర్వాత మెల్లగా చెప్పుకుందాం. చుక్క చనిపోయిన రోజు నువ్వు గడియ వేశావు. వేశావు ఉమా. నువ్వు వేసిన గడియ తీసింది నేను. రోడ్డవతల నిలబడి చుక్కను పిలిచిందీ నేనే.

అదిగో, ఆపేశావు. నా వైపు చూడకు, కాగితం వైపు చూడు. రాశావా? సరే.

చదివేవాళ్ళకి మనం ఎవరమో తెలియాలి కదా, అది కూడా పెట్టు. రాస్తున్నది ఉమ, నా ఆడపడుచు సరోజ కూతురు. చెబుతున్నది దాని అత్త, సరోజ అన్నయ్య భార్యని. నాకు సంతకం పెట్టడం వచ్చు, షిఫ్టు బస్సు మీద అంకెలు పోల్చుకోవడం వచ్చు, అంతే. మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికని భిలాయి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. చుక్క మా పిల్లి. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉండేది, అందుకని ఆ పేరు. ఉమ చిన్నప్పుడు దాన్ని తన చెల్లెలని చెప్పుకునేది. ఆయన పోయి, క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, "ఒక్కర్తివీ ఎక్కడుంటావత్తా, మా ఇంటికొచ్చీ" అని నన్ను ఈ రిసాలి పేటకి తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకున్నదీ ఈ ఉమే. ఇది కూడా రాయి. సిగ్గుపడకు. నీ మంచితనం ఎంతో తెలియకపోతే నా తప్పు ఎంతో ఎవరికీ తెలియదు.

పొద్దున జరిగింది చెప్పనీ. ఒంట్లో ఆ హడావుడి ఇంకా తగ్గలేదు. భయంతో కాదు. సంతోషంతో.

మిర్చి అని ఒక పిల్లి వానల్లో మన గుమ్మంలోకి దానంతటదే వచ్చింది. తరిమినా పోలేదు. మన ఇల్లు పెద్ద రోడ్డు పక్కన. లారీలు, బస్సులు, షిఫ్టు వేళకి బారులు తీరే మోటారు సైకిళ్ళు. ఆ రోడ్డుకి భయపడి నువ్వు మిర్చిని తాడుతో కిటికీ ఊచకి కట్టావు. కట్టి, నేను లోపల ఉన్నా సరే తలుపు వేసి, బయట గడియ పెట్టి, పాఠాలు చెప్పడానికి స్కూలుకి బయలుదేరి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కొచ్చి గడియ లాగి చూసి వెళ్ళేదానివి. నువ్వు వెళ్ళగానే నేనేం చేసేదాన్నో నీకు తెలియదు. దానికి తిండి పెట్టే ముందు పళ్ళెం మీద గోటితో కొట్టేదాన్ని. మెల్లగా, ఎవరికీ వినబడకుండా. దొంగపని చేసినట్టే ఉండేది.

ఇవాళ పొద్దున ఆ రాకాసి ఏం చేసింది! వెనక్కి జరిగి జరిగి తాడులోంచి తల లాగేసుకుంది. కిటికీ ఊచల మధ్య నుంచి దూరి, గోడ దిగి, రోడ్డు అంచుకి పోయింది. అవతల చేపల బండి. అప్పుడే షిఫ్టు జనం వస్తున్నారు, వాళ్ళ వెనక లారీ. నాకు అరవడానికి గొంతెక్కడుంది? చేతికి పళ్ళెం దొరికింది. వంటింటి కిటికీ దగ్గర నిలబడి గరిటెతో కొట్టాను. టంగ్ టంగ్ టంగ్! అంత గట్టిగా కొట్టి ఎన్నేళ్ళయిందో! మిర్చి ముందుకాలు ఎత్తింది. ఎత్తిన కాలు అలాగే ఆగింది. చెవి ఇటు తిరిగింది. మళ్ళీ కొట్టాను. తిరిగింది ఉమా! తోక పైకెత్తి, లారీ మొహాన వీపు పెట్టి, ఇంటికి పరుగెత్తుకొచ్చింది! నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

అప్పుడు నువ్వు తడి జుట్టుతో స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చావు. వచ్చి ఏమన్నావు?

"అయ్యో, తలుపు నేనే తీసీసుంటానత్తా! నా మీద భరోసా లేదు. నా చేతికి ఏ ప్రాణినీ అప్పజెప్పకూడదు!"

తలుపు గడియ వేసే ఉంది. నీ కళ్ళ ముందే ఉంది. పిల్లి కిటికీలోంచి పోయింది. అయినా నువ్వు ఆ మాటే అన్నావు. నీ నోరు దానంతటదే అనేసింది. ఆ మాట నీకు నేర్పింది నేను.

ఆ తర్వాత నువ్వు మిర్చిని ఒళ్ళో పెట్టుకుని, "చుక్కని అన్నేళ్ళు ఆ రోడ్డు పక్కన ఎలా కాపాడేరో చెప్పత్తా, రాసి కాలనీ గ్రూపులో పెడతాను, ఇక్కడ రోజూ ఏదో పిల్లి పోతంది" అన్నావు. తెలుగులో రాయడం నీకు కష్టమే, చదివింది హిందీలో కదా, అయినా అత్త మాట అత్త మాటలాగే ఉండాలని కాగితం తెచ్చుకున్నావు. నేను చెప్తానన్నాను. చెప్తాను. పిల్లి సంగతులు అబద్ధం కాదు. అవి ముందు రాసుకో.

సెక్టర్ 2లో మా క్వార్టరు రోడ్డుకి ఆనుకునే ఉండేది. కింద మేము, మీద మీరు. షిఫ్టు మారే వేళ ఆ రోడ్డు పొంగిన ఏరులా ఉండేది. మిగతా పొద్దంతా కుక్కలు నడిమధ్య పడుకునేవి. మీ మావయ్య ప్లాంటులో క్రేన్ నడిపేవారు కదా, పిల్లి విషయం కూడా పని విషయంలాగే ఆలోచించారు. పిల్లిని ఎల్లకాలం కట్టెయ్యలేం, రోడ్డుని ఆపలేం, అందుకని రోడ్డు మీదికి జనం వచ్చే వేళకే పిల్లికి ఆకలేసేలా చేద్దాం అన్నారు. షిఫ్టు వదిలే ముందు చుక్కకి వంటింట్లో తిండి పడేది. తిని, ఒళ్ళు నాక్కుని, బియ్యం బస్తా మీద ఒక నిద్ర తీసేసరికి రోడ్డు ఖాళీ అయ్యేది. అంతవరకూ జాలీ తలుపు, అదే ఇనప వల తలుపు, బయటి గడియ తీయకూడదు. ఆ గడియ పని నీది. నువ్వే కావాలని అడిగి తీసుకున్నావు.

దీపాలు పెట్టాక బయటికి పంపేవాళ్ళం కాదు. లైటు కళ్ళలో పడితే పిల్లి పారిపోదు, బిగుసుకుపోయి నిలబడిపోతుంది. మావయ్య పాత డ్యూటీ జాకెట్టు మీది మెరిసే పట్టీ కత్తిరించి, సాగే లాస్టిక్కు మీద కుట్టి మెడకి వేశాం. కొమ్మకి చిక్కుకుంటే పట్టీ సాగి ఊడిపోవాలి, పిల్లికి ఉరి పడకూడదు. మిర్చికి ఆ తాడు వద్దని అందుకే మొత్తుకున్నాను. పశువుల డాక్టరు దగ్గర ఆపరేషన్ కూడా చేయించాం. దాంతో దాని తిరుగుడు సగం తగ్గింది. మీ అమ్మ మాత్రం, "ఏటన్నయ్యా, పిల్లికి కూడా ఫ్యామిలీ ప్లానింగేటి?" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పి నవ్వింది. వెనక పెరట్లో ఇసక పోశాం, ఎక్కి కూర్చోవడానికి గోడకి చెక్క కొట్టాం. లోకం మొత్తం ఇంటి వెనకే ఉందని చుక్క అనుకోవాలి. ముందు వైపు దానికి పని ఉండకూడదు.

ఇక పళ్ళెం. ఇది జాగ్రత్తగా రాయి.

క్రేన్ మీద కూర్చున్నవాడికి కింద ఏముందో సరిగ్గా కనబడదట. కింద ఒక మనిషి నిలబడి చేత్తో సైగ చేస్తాడు. పైవాడు ఆ చేతిని నమ్మి కదుల్తాడు. అందుకని రమ్మనే సైగ ఆ ఒక్కడే ఇవ్వాలి, అదీ దారంతా చూసుకున్నాకే ఇవ్వాలి. ఆగమనే సైగ మాత్రం ఎవరిచ్చినా ఆగాల్సిందే. మావయ్య ఇదంతా నాకు వంటింట్లో పళ్ళెం పట్టుకుని చెప్పారు. "ఏమే, అది మనల్ని చూసి రాదు. చప్పుణ్ణి నమ్మి వస్తాది. గుమ్మం లోపల ఉండి కొట్టు, ఇంకెక్కడా కొట్టకు. దారి చూడకుండా కొట్టీకు." అలాగే అన్నాను. నా జీవితంలో ఈ అలాగే ఎన్నిసార్లు అన్నానో.

చుక్క ఎలా వచ్చేదనుకున్నావు! ఎవరి పెరట్లో ఉన్నా, ఏ చెట్టు మీద ఉన్నా, నా పళ్ళెం మోగితే గోడలు దూకుతూ వచ్చేది. మావయ్య కొడితే నింపాదిగా వచ్చేది. నేను కొడితే పరుగు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వాళ్ళ పిల్లల మార్కులు చెప్పుకునేవాళ్ళు, హిందీ పత్రిక చదివి కథలు చెప్పేవాళ్ళు. నా దగ్గర చెప్పుకోవడానికి ఏముంది? నా పళ్ళెం ఉంది. నేను కొడితే పరుగెత్తుకొచ్చే పిల్లి ఉంది. నవ్వుకోకు. ఆ వయసులో నాకది చాలా గొప్ప.

విశ్వకర్మ పూజ రోజు అది. ఈ ఊళ్ళో ఆ రోజు స్కూటరు దగ్గర్నుంచి కుట్టు మిషను దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. ప్లాంటు లోపలికి ఇళ్ళవాళ్ళని రానిస్తారు. మీ అమ్మా నాన్నా మావయ్య క్రేన్ చూడ్డానికి వెళ్ళారు. నీకు జలుబు చేసిందని నన్ను చూస్తూ ఉండమని వదిలి వెళ్ళారు. రోడ్డవతల సైకిలు స్టాండు దగ్గర పందిరి వేసి కిచిడీ, బూందీ వడ్డిస్తున్నారు. నేను అక్కడ గిన్నెల పనిలో ఉన్నాను. షిఫ్టు వదిలే ముందు చుక్కకి తిండి పెట్టి, గడియ వేసి, పైకెళ్ళి పడుకోమని నీకు చెప్పాను.

పందిట్లో గిన్నె చాల్లేదు. ఇంటికి వచ్చాను. జాలీ తలుపుకి గడియ వేసి ఉంది. నేను కళ్ళారా చూశాను. తిండి గిన్నె ఖాళీగా ఉంది. చుక్క బస్తా మీద ముడుచుకుని ఉంది. చిన్నపిల్లవి, అయినా అన్నీ చెప్పినట్టే చేశావు. నేను గడియ తీసి లోపలికి వెళ్ళి, పెద్ద బేసినూ గరిటెలూ తీసుకుని, తలుపుని నడుంతో వెనక్కి నెట్టి, అది పడినట్టు చప్పుడు విని, గడియ సంగతి వదిలేసి వెళ్ళిపోయాను. చేతుల నిండా సామాను ఉంది. ఇదొక్కటే నా తప్పు అయితే నేను ఈపాటికి ఎప్పుడో ఒప్పుకునేదాన్ని అనుకుంటాను. చేతుల నిండా సామాను ఉంటే ఎవరైనా మర్చిపోతారు.

కానీ తర్వాత చేసింది మర్చిపోయి చేసింది కాదు.

పందిరి వెనక నేనూ ఫూలా దీదీ పళ్ళాలు కడుగుతున్నాం. ఫూలా దీదీ దుర్గ్ అవతలి పల్లె మనిషి, రోడ్డవతల క్వార్టర్లో ఉండేది. మంచి నవ్వులమారి. మాటల్లో నా చుక్క గొప్ప ఎత్తాను. ఆవిడ పకపకా నవ్వింది. "జా జా, బిల్లీ ఎవరి మాటైనా వింటుందా? తూ క్యా మంత్ర్ పఢ్తీ హై?" అంది. పిల్లి మాట వినడానికి ఏం మంత్రం చదువుతావేంటని. నాకు రోషం వచ్చింది. చేతిలో పళ్ళెం ఉంది. గరిటె ఉంది. షిఫ్టు వదిలే ప్లాంటు హూటరు అప్పుడే మోగింది, అది నా చెవిన పడింది కూడా. "దేఖో దీదీ", చూడు అని లేచి నిలబడి, రోడ్డు వైపు తిరిగి కొట్టాను.

అది వస్తుందనుకోలేదు అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తలుపు వేసి ఉందనుకున్నాను కదా, ఎలా వస్తుంది? మరి రాదనుకుంటే ఎందుకు కొట్టాను? వచ్చి ప్రహరీ మీద కూర్చుంటే ఫూలా దీదీకి చూపించి నోరు మూయిద్దామనే కదా కొట్టాను? అంటే గడియ వేయలేదని అప్పటికే నాకు మనసులో ఎక్కడో తెలుసా? తెలిసే కొట్టానా? ఉమా, ఈ ఒక్క ప్రశ్న దగ్గరే నేను ఎన్నేళ్ళుగానో కూర్చుని ఉన్నాను. జవాబు దొరకలేదు. దొరికితే ఇక్కడే చెప్పేసేదాన్ని.

వచ్చింది. ప్రహరీ మీద కూర్చోలేదు. దూకింది. తోక నిటారుగా, నా వైపే చూస్తూ. "అరే, ఆ గయీ!" వచ్చేసిందే అని ఫూలా దీదీ చప్పట్లు కొట్టింది. ఒక్క రెప్పపాటు, రాస్తే నవ్వుతారేమో, ఆ రెప్పపాటు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అప్పుడు బస్సు కనిపించింది. నేను రెండు చేతులూ పైకెత్తి ఊపాను, ఆగు ఆగు అని. రమ్మనే సైగ నేర్పాం దానికి. ఆగమనే సైగ మేం నేర్పలేదు.

ఇంతకంటే చెప్పను. నువ్వూ రాయకు.

నేనేం చేశానో తెలుసా? పరుగెత్తుకెళ్ళలేదు. పళ్ళాన్ని ఎంగిలి పళ్ళాల కుప్పలో పెట్టేసి, కూర్చుని, ఇంకో పళ్ళెం తీసుకుని తోమడం మొదలుపెట్టాను. ఫూలా దీదీ నవ్వు ఆగిపోయింది. ఎవరికీ చెప్పకు దీదీ అన్నాను. ఆవిడ నా వీపు నిమిరి, "బిల్లీ హీ తో థీ, బహన్" అంది. పిల్లే కదా చెల్లీ, అని. తర్వాత కొన్నాళ్ళకి వాళ్ళాయన రిటైరై పల్లెకి వెళ్ళిపోయారు. ఆవిడ మాట నిలబెట్టుకుంది. నేను ఆ మాట చాటున దాక్కున్నాను.

అందరూ తిరిగొచ్చారు. మావయ్యే దాన్ని కొత్త తువ్వాల్లో చుట్టి తెచ్చారు. అప్పుడు మీ అమ్మ నిన్ను మెట్ల మీదే పట్టుకుంది.

"తలుపెవరు తీసేరే?"

"నేను కుండీ వేసేనమ్మా! సచ్చీ! గట్టిగా వేసేను!"

"మరి ఎలా పోయింది? ఎగిరిపోయిందేటి?"

"అత్తా, నువ్వు చెప్పు! నేను వేసేనని చెప్పత్తా!"

కుండీ అంటే గడియే, సచ్చీ అంటే నిజంగా అని. నువ్వు నన్నే సాక్ష్యానికి పిలిచావు. జలుబుతో ఎర్రబడ్డ ముక్కు, జడలు ఊడిపోయి, నా కొంగు పట్టుకుని. నేను నీ మొహం చూసి అన్నాను, "వేసుంటే ఎలా బయటికొస్తాదే ఉమా?"

అదీ ఉమా. పిల్లి పోవడం కాదు నా తప్పు. ఆ వాక్యం. అది నా నోట్లోంచి ఎంత తేలిగ్గా, ఎంత ప్రేమగా వచ్చిందనుకున్నావు! కసిరి కూడా అనలేదు. బుజ్జగిస్తూ అన్నాను. నీ చెయ్యి నా కొంగు వదిలేసింది.

మీ అమ్మ నిన్ను కొట్టబోతే మావయ్య అడ్డుపడ్డారు. పిల్లనేటీ అనకండి అన్నారు. పెరట్లో మట్టి తవ్వుతూ తనలో తను, "అది రోడ్డు దాటదే. ఎవరైనా పిలిచేరా?" అనుకున్నారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో. చెప్పేదాన్ని కాదేమో. ఎలకని తరిమిందేమో అన్నాను. ఆయన మట్టి కప్పేశారు. పోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాతది ఇంకా పాపం. కొన్నాళ్ళకి నువ్వు వంటింట్లోకి వచ్చి నా వెనక నిలబడ్డావు. "అత్తా, నేనే మర్చిపోయేనేమో. ఆలోచిస్తే వెయ్యనట్టే అనిపిస్తంది" అన్నావు. చూశావా, నీ కళ్ళతో నువ్వు చూసుకున్నదాన్ని నువ్వే చెరిపేసుకున్నావు. అప్పుడు కూడా నాకు నోరుంది. చెప్పొచ్చు. వంటింట్లో ఇంకెవరూ లేరు. నేనేం చేశాను? నిన్ను దగ్గరికి తీసుకుని, నిజం చెప్పావు, బంగారు తల్లివి అని బూందీ లడ్డూ చేతిలో పెట్టాను. మీ అమ్మకి చెప్తే అది కూడా మెచ్చుకుంది. చేయని తప్పు ఒప్పుకున్నందుకు ఇంటిల్లిపాదీ నిన్ను మెచ్చుకున్నాం. నువ్వు ఆ లడ్డూ తినలేదు. కిటికీలో పెట్టి వెళ్ళిపోయావు. చీమలు పట్టాయి.

ఆ తర్వాత మీ అమ్మకి అది నవ్వులాట అయిపోయింది. చెడ్డ మనసుతో కాదు, దానికి ప్రేమంటే ఎగతాళే. పెళ్ళిచూపుల్లో కూడా, "మా పిల్లకి అన్నీ వచ్చు, తలుపు మూయడం తప్ప" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఊరి పెళ్ళికి బయలుదేరి దుర్గ్ స్టేషను దాకా వెళ్ళి, తాళం వేశానో లేదోనని నువ్వు వెనక్కి వచ్చేశావు. బండి వెళ్ళిపోయింది. తాళం వేసే ఉంది. స్కూల్లో పిల్లల్ని రోడ్డు దాటించే పని నీకు ఇస్తే, నావల్ల కాదని చెప్పి హెడ్‌మాస్టరమ్మతో మాటలు పడ్డావు. ఇవన్నీ నా కళ్ళ ముందు జరిగాయి. ప్రతిసారీ అనుకున్నాను, ఇవాళ చెప్పేస్తానని. పిల్లే కదా, పాత సంగతే కదా, ఇప్పుడు తవ్వితే సరోజ ఏమంటుంది, ఆయన ఏమనుకుంటారు అని ఆగాను. ఆయన పోయారు. సరోజ పోయింది. అడ్డు చెప్పుకోవడానికి ఇంకెవరు మిగిలారు? నేనే.

ఇంకొకటి కూడా అడుగుతున్నాను నన్ను నేను. ఇది నీ కోసం చెప్తున్నానా, నా గొంతు తేలికవడానికి చెప్తున్నానా? రెండూనేమో. మొత్తం నీ కోసమే అని అంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. నాకు తేలిగ్గా ఉంది ఉమా. ఉన్నది చెప్పాలి కదా. పొద్దున మిర్చి తిరిగొచ్చినప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఈ వయసులో ఎగిరి గంతెయ్యాలని ఉంది. నీకు ఇంత బరువు ఇచ్చి నేను గంతెయ్యాలనుకోవడం ఏం మనిషితనం? తెలియదు. కానీ అలాగే ఉంది.

క్షమించమని రాయకు. ఆ మాట నేను అనలేదు, అడగను కూడా. కోప్పడు. నాతో మాట్లాడకు. ఈ ఇంట్లో ఉండమంటే ఉంటాను, వద్దంటే ఈ ఊళ్ళోనే మరోదా పేటలో మా చెల్లెలుంది, వెళ్తాను. నువ్వేం చేసినా నేను ఎదురు చెప్పను. ఒక్కటి మాత్రం మళ్ళీ చెరిపేసుకోకు, నువ్వు గడియ వేశావన్న సంగతి. ఇన్నాళ్ళూ నేను నీ దగ్గర దాచింది నీదే. అది నీకు ఇచ్చేశాను.

గ్రూపులో పెట్టేటప్పుడు నా పేరు వద్దు. అందరికీ అత్తనే కదా. నీ పేరు మార్చుకో, నీ ఇష్టం. పిల్లి జాగ్రత్తల్లో మాత్రం ఇది చివర కలుపు: పిల్లిని పిలిచేవాళ్ళు ముందు తాము ఎక్కడ నిలబడ్డారో చూసుకోవాలి. తమకీ పిల్లికీ మధ్య రోడ్డు ఉంటే నోరు మూసుకోవాలి, చేతులు కట్టుకోవాలి, తామే దాటి రావాలి. ఎవరు ఎగతాళి చేసినా సరే.

అయిపోయింది. కళ్ళు తుడుచుకో, కాగితం తడుస్తుంది.

ఇప్పుడు చదివి వినిపించు. మొత్తం వద్దు, నాకు అంతసేపు కూర్చునే ఓపిక లేదు. నువ్వు గడియ వేశావు అని నేను చెప్పిన చోటు ఒక్కటి చదువు. నువ్వు అని ఉంటే నేను అని చదువు. నేను గడియ వేశాను అని. కాస్త గట్టిగా చదువు తల్లీ, నాకు వినబడాలి.